కోటల కేలండర్లు, మైదా జిగురు

పాత పటం వెనక అట్ట ఊడదీస్తే ఒక వాసన వస్తుంది. ఎండిన మైదా జిగురు, అందులో కలిపిన మైలుతుత్తం, పొడిపొడిగా రాలే న్యూస్‌పేపరు, వాటన్నిటి అడుగున కాస్త చెదమందు. ఈమధ్య ఒక పాత ఆఫీసు ఖాళీ చేస్తూ గోడల మీది పటాలన్నీ దించి వరండాలో గోడవారగా పేర్చారు. గాజు పగిలినవాటికి మేకులు పీకుతుంటే ఆ వాసనే గుప్పుమంది. దేవుళ్ల పటాలు కావవి. మద్రాసు సెయింట్ జార్జి కోట, కలకత్తా రైటర్స్ బిల్డింగు, హైదరాబాదు రెసిడెన్సీ. దొరల భవనాలకి దొరలే గీసుకున్న బొమ్మలు, ఆ బొమ్మలకి మనవాళ్లు ఆఫ్‌సెట్‌లో వేసిన నకళ్లు.

ఒకప్పుడు బ్యాంకు మేనేజరు గదిలోనో, ప్లీడరు గారి ముందు హాల్లోనో, కాలేజీ ప్రిన్సిపాలు వెనక గోడకో ఇలాంటిది ఒకటి కనిపించేది. దేవుడి కేలండరుకి నట్టింట్లో చోటు, కోటల కేలండరుకి ఆఫీసు గోడ. ఏడాది తిరిగాక తేదీల ప్యాడు చించేసి, బొమ్మ మటుకు కత్తిరించి పటం కట్టించేవారు. ఆ కత్తిరింపులో ఏం పోయిందో ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఈ బొమ్మలకి జరిగిన అన్యాయమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

అసలు బొమ్మలు

మన గోడల మీదికి ఎక్కువగా వచ్చినవి డేనియల్స్ వేసినవి. ఇంగ్లీషు చిత్రకారుడు థామస్ డేనియల్, అతని సోదరుడి కొడుకు విలియం 1786లో కలకత్తాలో దిగారు. అక్కడే 1786–88 మధ్య కలకత్తా దృశ్యాలు 12 రాగిరేకుల మీద చెక్కి అచ్చేశారు. ఆ పని బాగా తెలిసినవాళ్లు ఊళ్లో కరువు. చెక్కడం నుంచి అచ్చు దాకా అన్నీ తనే చూసుకోవాల్సి వచ్చిందని థామస్ ఉత్తరంలో వాపోయాడు. దేశమంతా తిరిగి, 1794లో ఇంగ్లండు చేరి, 1795 నుంచి 1808 దాకా ‘ఓరియంటల్ సీనరీ’ పేరుతో 144 ప్లేట్లు తెచ్చారు. మద్రాసు కోట, బ్లాక్ టౌన్, సెయింట్ థామస్ మౌంట్ దగ్గరి ఆర్మీనియన్ వంతెన అందులోవే.

హైదరాబాదు రెసిడెన్సీ బొమ్మ వేరే చేతిది. ఈస్టిండియా కంపెనీ బొంబాయి సైన్యంలో పనిచేసిన రాబర్ట్ మెల్విల్ గ్రిండ్లే 1813లో గీసుకున్నాడు. 1826–30 మధ్య వచ్చిన అతని ప్లేట్ల వరసలో అది అచ్చయింది. తర్వాత గ్రిండ్లేస్ బ్యాంకుగా పేరుపడిన సంస్థ మొదలుపెట్టింది ఈ గ్రిండ్లేనే. ఇక భవనం సంగతి కోఠి వైపు తిరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధి అయిన రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ హయాంలో, లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్ నక్షాతో లేచింది. 1949 నుంచి ఉమెన్స్ కాలేజీ, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరున మహిళా విశ్వవిద్యాలయం.

ఇవన్నీ ఆక్వాటింట్లు. రాగిరేకు మీద రెజిన్ పొడి సన్నగా రాలేలా చేసి, కింద వేడి చూపిస్తే రేణువులు రేకుకి అంటుకుంటాయి. ఆమ్లంలో పెడితే రేణువుల మధ్య సందుల్లో మాత్రమే తింటుంది. తెల్లగా ఉండాల్సిన చోట ముందే వార్నిష్ పూస్తారు. లేత నీడకి కొద్దిసేపు, ముదురు నీడకి మళ్లీ మళ్లీ ముంచుతారు. ఆకాశంలో మబ్బు అంచు, గోడ మీద సాయంత్రపు నీడ అలా వస్తాయి. ఒకటి రెండు సిరాల్లో అచ్చేసి, మిగతా రంగు ఒక్కో ప్రతికీ చేత్తో నీటిరంగులు దిద్దేవారు. అందుకే అసలు ప్రతులే రెండు ఒకేలా ఉండవు. “అసలు రంగు ఇది” అని ఎవరైనా గట్టిగా చెబితే, ఏ ప్రతిని చూసి చెబుతున్నారని ముందు అడగాలి.

బొమ్మ కింద అంచులో సన్నని అక్షరాలుంటాయి. ఎవరు గీశారు, ఎవరు చెక్కారు, ఏ తేదీన ఎక్కడ ప్రచురించారు. అలంకారం కోసం వేసుకున్నవి కావు. 1735 నాటి హోగార్త్ చట్టం ప్రకారం పేరు, తేదీ రేకు మీద ఉంటేనే ఇంగ్లండులో కాపీరైటు హక్కు నిలిచేది. బొమ్మకి పుట్టుక సర్టిఫికెట్టు ఆ అక్షరాల వరసే.

కెమెరా గది

మన ప్రెస్సులకి అసలు ప్రతి ఎక్కడ దొరుకుతుంది? విక్టోరియా మెమోరియల్‌ వాళ్ల దగ్గరున్నది తెచ్చి కెమెరా ఎదుటి కాపీబోర్డుకి బిగించలేరు కదా. ఏదో విదేశీ పుస్తకంలోంచి తీసిన ప్లేటు, లేదా ఎవరో ఇచ్చిన ట్రాన్స్‌పరెన్సీ. విజయవాడ, హైదరాబాదు ప్రెస్సులు చాలావరకు కలర్ సెపరేషన్ (బొమ్మని నాలుగు సిరాలకి నాలుగు ఫిలిములుగా విడగొట్టడం) కోసం మద్రాసుకో శివకాశికో పంపేవి. నాలుగు ఫిలిములు పార్సిల్లో వచ్చేవి.

ప్రాసెస్ కెమెరా ఉన్నచోట పని ఇలా నడిచేది. కాపీబోర్డుకి రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో ఆర్క్ దీపాలు. వెలిగించగానే బుసబుస చప్పుడు, ముక్కు మండించే పొగ. ఎర్ర ఫిల్టరు పెట్టి తీస్తే సయాన్ (లేత నీలం) నెగెటివ్, ఆకుపచ్చకి మెజెంటా (గులాబీ ఎరుపు), నీలానికి ఎల్లో. బ్లాక్ విడిగా. బొమ్మని సన్నని చుక్కలుగా (డాట్లుగా) మార్చే స్క్రీన్ కోణం ప్రతిదానికీ మారాలి. సయాన్ 15, మెజెంటా 75, బ్లాక్ 45, ఎల్లో 0 డిగ్రీలు. బలమైన మూడు రంగుల మధ్య 30 డిగ్రీల ఎడం లేకపోతే గళ్లచీర నేసినట్టు మోరే అనే దొంగ గీతల అల్లిక పడుతుంది.

ఫిలిము కడిగే లిత్ డెవలపరు ఏ, బీ అని రెండు సీసాలు. సమపాళ్లలో కలిపిన క్షణం నుంచి దాని బలం తగ్గడం మొదలు. పొద్దున కలిపింది సాయంత్రానికి పనికిరాదు. 20 డిగ్రీల దగ్గర నిలవాలి. మన మే నెలలో పంపు నీళ్లే అంతకంటే చాలా వేడి. ట్రే కింద ఇంకో పెద్ద ట్రే, అందులో ఐసు ముక్కలు. ఎర్రదీపం కింద ట్రే అంచు ఎత్తుతూ దించుతూ ఉంటే వచ్చే గలగల, పక్కనే కుళాయి ధార. ఐసు ఎక్కువైతే డాట్ ఎదగదు, తక్కువైతే అంచులు మెత్తబడతాయి.

పుస్తకంలోంచి తీస్తే ఇంకో చిక్కుంది. ఆ పుస్తకం బొమ్మలో అప్పటికే డాట్లున్నాయి. వాటి మీద మన స్క్రీన్ పడితే ఆకాశమంతా అలలు అలలుగా తేలుతుంది. దానికి మందు రెండు రకాలు. ఒరిజినల్‌ని కొద్దిగా కోణం తిప్పి బిగించడం, లేదా ఫోకస్ వెంట్రుకవాసి సడలించడం. రెండోది మోరేని చంపుతుంది గానీ, దాంతోపాటు ఓడ తాళ్లనీ స్తంభం మీది గాడుల్నీ కూడా చంపేస్తుంది. పాత కేలండర్లలో కోట బురుజులు మంచులో ఉన్నట్టు మెత్తగా కనపడటానికి కారణం చిత్రకారుడు కాదు, ఆ సడలింపు.

తర్వాత డాట్ ఎచింగ్. ఫిలిమును లైటు టేబుల్ మీద పరిచి, పొటాషియం ఫెర్రిసయనైడ్, హైపో కలిపిన ద్రావణంలో సన్నని బ్రష్ ముంచి, ఎక్కడ ఏ రంగు తగ్గాలో అక్కడ డాట్‌ని కరిగించేవారు. ఒక్క ఊపిరి ఎక్కువసేపు ఉంచితే డాట్ మాయం. ఈ పని చేసే ఆర్టిస్టులు ఆకాశం మెజెంటా దగ్గరే ఎక్కువసేపు కూర్చునేవారు. డేనియల్స్ ఆకాశంలో డాట్ 5 నుంచి 10 శాతం లోపే ఉంటుంది. మిషన్ మీద అది కాస్త ఉబ్బినా మిట్టమధ్యాహ్నం మద్రాసుకి సంజ కమ్ముతుంది.

మిషన్ మీద

సింగిల్ కలర్ మిషన్‌కి నాలుగు రంగులంటే కాగితం నాలుగుసార్లు లోపలికి వెళ్లి రావాలి. మొదట ఎల్లో, తర్వాత మెజెంటా, సయాన్, చివర బ్లాక్. రంగు మార్చిన ప్రతిసారీ రోలర్లు కిరసనాయిలుతో కడగాలి. ఎల్లో ముందు వెయ్యడంలో ఒక సుఖం ఉంది. మిషన్‌లో ముదురు రంగు తాలూకు మిగులు ఉంటే అందులోనే దొరికిపోతుంది. ప్లేటు మీది తుమ్మబంక తడి స్పాంజితో తుడిచి, నీళ్లు, సిరా తూకం కుదిరేదాకా వేస్టు కాగితాలు వదిలేవారు. ప్లేటుని తడిపే ఫౌంటెన్ నీళ్ల పీహెచ్ 5 దగ్గర ఉండాలి. నీళ్లు ఎక్కువైతే రంగు వెలవెలబోతుంది, తక్కువైతే ఖాళీ జాగాలో సిరా పట్టి మాపు వస్తుంది.

ఫీడరు పీల్చే చప్పుడు, గ్రిప్పరు అందుకునే టక్కు, డెలివరీ గొలుసు గరగర. ఈ మూడింటి లయ తప్పితే ఆపరేటరు టీ గ్లాసు కింద పెట్టకుండానే లేచేవాడు. కంటికంటే చెవే ముందు పనిచేసేది.

వానాకాలం వస్తే, రంగు మీద రంగు సరిగ్గా కూర్చోబెట్టే రిజిస్ట్రేషన్‌కి గండం. ఎల్లో వేసిన రోజుకీ బ్లాక్ వేసే రోజుకీ మధ్య కాగితం తేమ పీల్చి సాగుతుంది. 30 అంగుళాల షీటు అర మిల్లీమీటరు సాగితే చాలు, స్తంభం పక్కన ఎర్రటి నీడ ఇంకో స్తంభంలా నిలబడుతుంది. రెసిడెన్సీ ముఖమండపానికి ఉన్న ఆరు కొరింథియన్ (తలకట్టులో ఆకులు చెక్కిన) స్తంభాలు ఈ తప్పుని దాచనివ్వవు. నిలువు గీతలున్న బొమ్మ ఏదైనా అంతే, పూలబుట్ట అయితే ఎవరూ కనిపెట్టరు. అందుకే జాగ్రత్తపరులు కాగితం కట్టలు ముందుగానే విప్పి మిషన్ గదిలోనే పెట్టి, గది గాలికి అలవాటు పడనిచ్చేవారు. కాగితం నార సిలిండరుకి సమాంతరంగా ఉండేలా కోయించేవారు. రంగుకీ రంగుకీ మధ్య ప్లాస్టిక్ షీటు కప్పేవారు.

తెల్లగోడ

ఈ బొమ్మల్లో అన్నిటికంటే కష్టం, సిరా లేని చోటు. మద్రాసు భవనాలకి గవ్వసున్నం నూరి పూసి, చలువరాయిలా మెరిసేదాకా రుద్దేవారు. ఆ తెలుపుని డేనియల్స్ కాగితాన్ని వదిలెయ్యడం ద్వారానే చూపించారు. అంటే గోడ రంగు కాగితం రంగే. మీరు 130 జీఎస్ఎం (చదరపు మీటరుకి 130 గ్రాములు) మెరుపు ఆర్ట్ పేపరు మీద వేస్తే గోడ ట్యూబులైటు వేసినట్టు వెలుగుతుంది. మ్యాప్‌లితో అనే పూత లేని కాగితం మీద వేస్తే సిరా ఇంకి నీడలు మూసుకుపోతాయి, గోడ మాత్రం హాయిగా ఉంటుంది. కొందరు పాత కాగితపు ఛాయ కోసం షీటంతా లేత పసుపు టింట్ పరిచేవారు. ఎల్లో 5 శాతం, మెజెంటా 2, 3 శాతం దాటకపోతే బాగుంటుంది. దాటితే టీ ఒలికిన కాగితం. పాతదనం అంటే గోధుమరంగు అనుకునే జబ్బు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మంచి గుడ్డపీచు కాగితం, డేనియల్స్ వాడిన వాట్‌మన్ లాంటిది, ఎండ తగలకుండా దాచితే రెండొందల ఏళ్లకి కూడా అంత మాడదు.

కోత

‘ఓరియంటల్ సీనరీ’ బొమ్మ అడ్డం సుమారు 24 అంగుళాలు, నిలువు పదహారు పదిహేడు. అసలు సైజులో అంచుతో సహా రావాలంటే 20×30 డబుల్ క్రౌన్ షీటుకి ఒక్కటే పడుతుంది. కేలండరు వ్యాపారానికి అది గిట్టదు. షీటు సగం చేస్తే 15×20. నిలువు కేలండరు మీద అడ్డం బొమ్మ 14 అంగుళాల వెడల్పున కూర్చోవాలి, ఎత్తు పది లోపు. కింద కంపెనీ పేరు, ఫోన్ నంబరు, తేదీల ప్యాడు. ఆ పేరుకి జాగా కోసం ముందు బలయ్యేది అంచులోని అక్షరాలే. తర్వాత పటం కట్టేవాడి దగ్గర ఇంకో అరంగుళం.

అక్షరాలు పోతే పేరు ఒక్కటే పోదు. ఫిలిము తిరగబడిందో లేదో చెప్పే సాక్షి కూడా పోతుంది. ట్రాన్స్‌పరెన్సీని మసాలా (ఫిలిము పూత) వైపు పొరపాటుగా పెడితే బొమ్మ అద్దంలో చూసినట్టు అచ్చవుతుంది. అక్షరాలుంటే ప్రూఫులోనే పట్టుబడేది. లేకపోతే ఈ భవనాలు చూస్తే కుడి ఎడమలు సమానంగా ఉండే పల్లాడియన్ కట్టడాలాయె, ఎవరికీ అనుమానం రాదు. సెయింట్ జార్జి కోటని ఆగ్నేయం నుంచి చూసిన బొమ్మ ఉంటుంది. అక్కడ నిలబడి వాయవ్యానికి తిరిగితే సముద్రం కుడిచేతి వైపు ఉండాలి. ఎడమకి వచ్చిన నకలు చూస్తే బంగాళాఖాతం మైలాపూరు మీదుగా ఊళ్లోకి నడిచొచ్చినట్టే.

పటాల కొట్టు

పటాల కొట్లో చప్పుళ్లు వేరు. మూలలు కోసే మైటర్ పెట్టెలో రంపం కిర్రు, గాజు మీద వజ్రం లాగితే సన్నని చీలిక చప్పుడు, తర్వాత బల్ల అంచున టక్కుమని విరుపు. టేకు బీడింగు 45 డిగ్రీలకి కోసి, మూలల్లో జిగురు పెట్టి, తల విరిచిన మేకులు దింపేవారు. 2 మిల్లీమీటర్ల గాజు, దాని వెనకే నేరుగా బొమ్మ, దాని వెనక అట్ట, సందులు మూస్తూ పాత పేపరు.

జిగురు సొంతంగా కాచుకునేదే. ఒక పాలు మైదా, ఐదారు పాళ్లు నీళ్లు. ముందు చల్లని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ, పారదర్శకం అయ్యాక దించి చిటికెడు మైలుతుత్తం. పురుగు పట్టకుండా అది. పురుగు ఆగేది నిజమే, కానీ మైలుతుత్తపు పులుపు కాగితాన్ని లోపలినుంచి పెళుసు చేస్తుంది. వెనకంటించిన న్యూస్‌పేపరు ఇంకా పాపిష్టిది. దాని ఆమ్లం బొమ్మకి పాకి, అక్షరాల వరసలు కూడా తెలిసేలా గోధుమరంగు దిగుతుంది. వరండాలో విప్పిన పటాల్లో ఒకదాని ఆకాశం వెనక సినిమా ప్రకటన చట్రం అచ్చుగుద్దినట్టు దిగి ఉంది.

గాజుకి బొమ్మ తగలకుండా చుట్టూ అట్ట మౌంటు పెట్టించేవాళ్లు తక్కువ, నాలుగు రూపాయలు ఎక్కువని. తగిలితే ఏమవుతుందంటే, వానాకాలంలో గాజు లోపలివైపు చెమ్మపట్టి ఆర్ట్ పేపరు మీది పూత దానికి అతుక్కుంటుంది. పొడిగా లాగితే ఆకాశం గాజుతోనే వెళ్లిపోతుంది. గట్టిగా అతుక్కుంటే గాజుతో సహా స్కాన్ చేయించుకోవడమే మేలు.

పటాన్ని గోడకి ఆనించకుండా ముందుకి వాల్చి కట్టడం అప్పటి పద్ధతి. కింద రెండు మేకుల మీద నిలబెట్టి, పైన తాడుతో లాగి. చూసేవాడి కంటికి ఎదురుగా ఉంటుంది, గాజు మీద కిటికీ వెలుతురు పడదు, వెనక గాలి ఆడుతుంది. ఆ వెనక సందులో పిచ్చుకలు గూడు పెట్టేవి. గడ్డిపోచలు రెసిడెన్సీ మీదుగా వేలాడుతుంటే గుమాస్తాలు అలాగే వదిలేసేవారు. ఇప్పుడు పటాన్ని గోడకి అతికించినట్టు బిగిస్తున్నారు. సముద్రం పక్క ఊళ్లలో అలా బిగిస్తే వెనక బూజు ఖాయం. కింది రెండు మూలలకి పావంగుళం కార్కు ముక్కలు అంటిస్తే చాలు.

ఎండ పడే గోడకి పెట్టిన పటం ఏ రంగుకి తిరుగుతుందో ఆఫీసులకి వెళ్లినవాళ్లకి తెలుసు. ఎల్లో, మెజెంటా ముందు ఎగిరిపోతాయి. సయాన్, బ్లాక్ మిగిలి కోట మొత్తం నీలంగా, నీళ్లలో మునిగినట్టు అవుతుంది. అది పాత బొమ్మ అనుకుని ఎక్కువ ధర పెట్టి కొన్నవాళ్లూ ఉన్నారు.

భూతద్దం

10 రెట్లు చూపే లూపు పెట్టి చూస్తే రహస్యం ఉండదు. రంగు చుక్కలు పూరేకుల్లా గుండ్రంగా కూడితే ఆఫ్‌సెట్. చెరువు ఎండినప్పటి నెర్రెల్లా అడ్డదిడ్డంగా సన్నని వల కనిపించి, దాని మీద నీటిరంగు గీత దాటి కాస్త పక్కకి ఒలికి ఉంటే ఆక్వాటింట్. రాగిరేకు ఒత్తుడుకి బొమ్మ చుట్టూ కాగితం లోపలికి దిగిన గాడి వేలికి తగులుతుంది. అయితే ఫోటో నుంచి రాగిరేకు మీదికి దింపి అచ్చేసిన ఫోటోగ్రావ్యూర్ నకళ్లు మోసం చేస్తాయి. వాటికీ రెజిన్ వలే, వాటికీ రేకు గాడే. అక్కడ రంగు చూడాలి, కాగితాన్ని వెలుతురుకి ఎత్తి నీటిగుర్తు చూడాలి.

ఇప్పుడు

ఇప్పుడు కెమెరా గదీ లేదు, ఐసు ముక్కలూ లేవు. యేల్ బ్రిటిష్ ఆర్ట్ సెంటరు లాంటి చోట్ల పెద్ద ఫైళ్లు ఉచితంగా దింపుకోవచ్చు. అసలు సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) కావాలంటే అడ్డం 7,200 పిక్సెళ్లు ఉండాలి. 308 జీఎస్ఎం కాటన్ కాగితం, పిగ్మెంట్ సిరా, కాగితానికి సరిపడే రంగుల ప్రొఫైలు ఉంటే, శివకాశి మంచి రోజుల్లో కూడా రాని నీడలు వస్తాయి. ఇది ఒప్పుకోవాల్సిందే. గవ్వసున్నపు గోడ గోడలా ఉంటుంది.

కానీ అమ్మేవాళ్లు చాలామంది 1,200 పిక్సెళ్ల బొమ్మని సాఫ్ట్‌వేరుతో పెంచేస్తారు. అది లేని వివరం కల్పిస్తుంది. కొరింథియన్ ఆకులు ముద్దలవుతాయి, పడవ తాళ్లు తెగుతాయి, ముందున్న మనుషులకి మొహాలు రావు. కొనేముందు స్తంభం తల ఒక్కటి పెద్దది చేసి చూపించమంటే చాలు. కాన్వాసు మీద గ్యాలరీ ర్యాప్ అంటే ఇంకో కోత. చట్రం చుట్టూ మడవడానికి ప్రతి వైపూ రెండంగుళాలు కావాలి. ఇచ్చిన ఫైలు ఇచ్చినట్టు వేస్తే అంచు, అక్షరాలు పక్కకి మడతపడి గోడ వైపు పోతాయి. కాన్వాసే కావాలంటే ఫైలు చుట్టూ రెండున్నర అంగుళాలు కాగితం రంగులో పెంచి ఇవ్వండి, అక్షరాల వరస ముందువైపే నిలుస్తుంది. అదనపు సిరా ఖర్చు అడిగితే ఇచ్చెయ్యండి.